చిర్రగోనె ఆటలో చేతుల పాత్ర

చిర్రగోనె తెలంగాణ గ్రామాలలో పిల్లలు ఆడే సాంప్రదాయిక క్రీడ. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు ఉన్న ఉత్తర తెలంగాణలోనూ ఇది పరిచితమైన ఆట. కోస్తాంధ్రలో దీనిని బిళ్ళంగోడు అని, హిందీలో గిల్లీ దండా అని అంటారు. రెండు కొనలూ మొనదేలేటట్లు చెక్కిన చిన్న కర్రముక్క చిర్ర. దానిని కొట్టే పొడవాటి కర్ర గోనె.

మొదటి దెబ్బ

నేలలో తవ్విన చిన్న గుంతపై చిర్రను అడ్డంగా ఉంచి, గోనె కొనను దాని క్రిందికి చేర్చి ముందుకు ఎగజిమ్ముతారు. ఇందుకు గోనెను రెండు చేతులతో పట్టుకొంటారు. పైచేయి గోనెను నిలకడగా ఉంచగా, క్రిందిచేయి ముందుకు తోస్తుంది. గోనె మీటవలె పనిచేస్తుంది.

రెండవ దెబ్బ

చిర్ర కొనపై తట్టగా అది గాలిలోకి లేస్తుంది. నేలను తాకేలోగా దానిని దూరంగా కొట్టాలి. ఈ రెండు పనులూ వెంటవెంటనే జరగాలి కనుక గోనెను ఒక్క చేతితోనే పట్టుకొంటారు. వేగం ప్రధానంగా మణికట్టు నుండి లభిస్తుంది. పట్టు మరీ బిగిస్తే మణికట్టు సులువుగా తిరగదు; వదులైతే గోనె చేజారుతుంది. ఖాళీగా ఉన్న చేయి శరీరం తూలకుండా తోడ్పడుతుంది.

గోల్ఫ్‌తో పోలిక

గోల్ఫ్‌లో బంతి కదలకుండా ఉంటుంది. అందువల్ల ఆటగాడు నింపాదిగా రెండు చేతులతో క్లబ్బును పట్టుకోగలడు. కుడిచేతివాటం వారికి పైనుండే ఎడమచేయి క్లబ్బు ముఖాన్ని అదుపు చేయగా, క్రిందనుండే కుడిచేయి వేగాన్ని జోడిస్తుంది. ఎడమచేతివాటం వారికి ఇది తారుమారవుతుంది.

జాగ్రత్తలు

చిర్ర మొన కంటికి తగిలితే చూపు పోయే ప్రమాదముంది. కనుక కొట్టేవారికి ఎదురుగా, దగ్గరలో ఎవరూ నిలబడరాదు.