నానో యూరియా: సీసాలోని నత్రజని లెక్క

మీటరులో వందకోట్లవ వంతు నానోమీటరు. పదార్థాన్ని 1–100 నానోమీటర్ల కణాలుగా మార్చినప్పుడు అదే బరువుకు ఉపరితల వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీటిలో అంతగా కరగని జింక్ ఆక్సైడు వంటి వాటికి ఇది ఉపయోగకరం. యూరియా సంగతి వేరు. నీటిలో కరిగినంతనే అది నానోమీటరు కన్నా చిన్నవైన అణువులుగా విడిపోతుంది.

పైగా, కణం చిన్నదైనంత మాత్రాన పోషకం పెరగదు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున 20.7 కిలోల నత్రజని ఉంటుంది. 4 శాతం నత్రజని గల 500 మిల్లీలీటర్ల నానో యూరియా సీసాలో ఉండేది సుమారు 20 గ్రాములు. అంటే దాదాపు వెయ్యో వంతు. ఆకులు అంతటినీ గ్రహించినా బస్తాలోని నత్రజనికి అది సాటిరాదు. ఆ లోటు దిగుబడిలోను, గింజలోని మాంసకృత్తులలోను బయటపడవచ్చు. బస్తాకు బదులు సీసా చాలునా అని రైతు అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ముందుగా ఈ లెక్కను వివరించాలి.