వార్డు దాటి పొలానికి వెళ్లే నర్సమ్మ

రాజులు రెండవ గ్రంథము 4వ అధ్యాయంలోని షూనేమీయురాలి కుమారుణ్ణి మనం ఎరుగుదుము. పొలంలో కోత కోసేవారి దగ్గరున్న తండ్రి యొద్దకు వెళ్లిన ఆ బాలుడు తలనొప్పితో విలవిల్లాడాడు. ఇంటికి మోసుకొచ్చారు. మధ్యాహ్నానికి తల్లి ఒడిలోనే ప్రాణం విడిచాడు. అది వడదెబ్బే కావచ్చునని పలువురు వ్యాఖ్యాతలు తలంచారు. రెంటచింతల ఎండ ఎరిగిన మనకు ఆ మాట వింతగా తోచదు.

2015 వేసవిలో మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడగాడ్పులకు బలయ్యారు. వాతావరణం మారుతున్న కొద్దీ ఇలాంటి వేసవులు పెరుగుతాయని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. మొదట దెబ్బ తినేది ఎండలో కూలికి వెళ్లేవారు, వృద్ధులు, గర్భిణులు. వారిలో అనేకులు మన సంఘాల్లోనివారే.

మన సంఘాల నుండి ఎందరో ఆడబిడ్డలు నర్సింగ్ చదువుతున్నారు. సెలైన్ పెట్టడం, ఇంజెక్షన్ చేయడం వారు చక్కగా నేర్చుకుంటారు. అయితే వడదెబ్బ రోగి వార్డుకు చేరేసరికే ఆలస్యమైపోవచ్చు. కాబట్టి వారికి మరి మూడు సంగతులలో తర్ఫీదు కావాలి.

మొదటిది, పొలంలోనే గుర్తించడం. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది ప్రాణాపాయం. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

రెండవది, లెక్క రాయడం. ఎవరు, ఎక్కడ, ఏ వేళ పడిపోయారో నమోదు చేస్తేనే కారణం బయటపడుతుంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ రోగులకు సేవ చేయడంతో ఆగలేదు. మరణాల లెక్కలు చూపి ప్రభుత్వాన్ని కదిలించింది.

మూడవది, పంచాయతీలో మాట్లాడడం. పల్లె ఆరోగ్య కేంద్రాల్లో నేడు బీఎస్సీ నర్సింగ్ చదివినవారు పనిచేస్తున్నారు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ కూడా ఉంది. పని వేళలు మార్చాలనీ, చలివేంద్రం పెట్టాలనీ అక్కడ చెప్పగల నర్సమ్మ అనేకుల ప్రాణాలు కాపాడుతుంది.

మంచి సమరయుడు గాయపడినవానికి కట్టు కట్టాడు. యోసేపు కరవు రాకముందే ధాన్యం కూర్చాడు. రెండూ పరిచర్యలే. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ దొరగారు స్వదేశానికి వెళ్లినప్పుడు వైద్యం చదివి, తిరిగి వచ్చి గురజాలలో పరిచర్య చేశారు. అవసరం చూసి చదివిన చదువు అది.

ఈ వేసవికి ముందు ఒక ఆదివారం మీ సంఘంలోని నర్సమ్మకు పది నిమిషాలు ఇవ్వండి. మందిరం వరండాలో నీళ్లకుండ పెట్టండి. మధ్యాహ్నం తలుపు తెరిచి ఉంచండి. పొలం నుండి వచ్చే ఏ బిడ్డా తల్లి ఒడిలో కన్నుమూయకుండునట్లు ప్రభువు మనలను సిద్ధపరచును గాక.