చలి కమ్మకముందే వెనక్కి తిరగాలి

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ నిండు చలికాలంలోనూ ట్రెక్కింగ్‌కు వెళ్లే కొండ. సుమారు 1,950 మీటర్ల ఎత్తున ఉన్న సాంక్రీ గ్రామం నుంచి బయలుదేరి, మంచులో గుడారాలు వేసుకుంటూ 3,800 మీటర్ల శిఖరం చేరతారు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఊళ్లో కంటే శిఖరం మీద 12 డిగ్రీల దాకా చలి ఎక్కువ. గాలి తోడైతే అది ఇంకా కొరుకుతుంది. చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వాతావరణ అలజడులు ఇక్కడ భారీగా మంచు కురిపిస్తాయి. అలాంటప్పుడు యాత్రను సగంలో ఆపి దిగివచ్చినవారు ఓడిపోయినట్టు బాధపడతారు. బాధపడాల్సిన పని లేదు. ఎప్పుడు వెనుదిరగాలో బయలుదేరకముందే తేల్చుకోవడం మంచుకొండల ప్రయాణంలో అన్నిటికన్నా ముఖ్యమైన సన్నాహం.

ముందే ఎందుకంటే, చలి మొదట దెబ్బతీసే వాటిలో మన వివేచన ఒకటి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే కిందికి పడిపోతే వణుకు పుడుతుంది, మాట తడబడుతుంది, ఆలోచన మందగిస్తుంది. తనకు ప్రమాదం ముంచుకొచ్చిందని ఆ మనిషికే తెలియదు. గుడారంలో ఉండిపోదామన్నా భరోసా లేదు. మంచు బరువుకు అది కుంగిపోవచ్చు; వెచ్చదనం కోసం లోపల స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీయవచ్చు. ఈలోగా కొత్త మంచు దారిని కప్పేస్తుంది.

దీనికి 2014 నాటి హుద్‌హుద్ తుఫాను సాక్ష్యం. అది అక్టోబరు 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. దాని తేమ ఉత్తరానికి సాగి, 14న నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో భీకరంగా మంచు కురిపించింది. నలభై మందికి పైగా చనిపోయారు. 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దాకా వెళ్లినవారిలో పలువురు ఆ మంచులోనే అవతలికి దిగబోయి దారితప్పారు. కళ్లు కనిపించని చోట, ఒళ్లు కొంకర్లు పోయాక చేసే ఆలోచన ఎంత ప్రమాదమో ఆ రోజు తేలింది.

వెనుదిరిగాక ఆకాశం తేటపడితే డబ్బు, సెలవులు వృథా కావా అని అడగవచ్చు. ఆ ఖర్చు శిఖరం ఎక్కినా తిరిగిరాదు. దిగివస్తే పోయేది ఒక అవకాశం, మొండిగా ఉంటే పోయేది ప్రాణం కావచ్చు; ఈ రెండు నష్టాలూ సమానం కావు. గైడ్ చూసుకుంటాడులే అనుకోవడమూ సరికాదు. అతను దిగుదామంటే, ఇంకొంచెం వెళ్దామని బతిమాలేది మనమే. అందుకే కేదార్‌కంఠకైనా, మరే మంచుకొండకైనా వెళ్లేవారు ప్రయాణంలో ఒక రోజు అదనంగా ఉంచుకోండి. వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. ఎన్ని గంటలకల్లా శిఖరం చేరకపోతే తిరిగివచ్చేయాలో జట్టంతా ముందే ఒప్పుకోండి. గైడ్ దిగమన్నప్పుడు ఎదురు చెప్పకుండా దిగండి.