మైనస్ 67.7లో కాపురాలు!

మనుషులు ఏడాది పొడవునా కాపురముండే ఊళ్లలో ప్రపంచంలోకెల్లా చల్లనిదిగా పేరొందింది ఒయిమ్యాకోన్. రష్యాలోని యాకూతియాలో, ఇండిగిర్కా నది దగ్గర ఉంది. జనాభా సుమారు 500. 1933 ఫిబ్రవరి 6న అక్కడ నమోదైన ఉష్ణోగ్రత మైనస్ 67.7 డిగ్రీలు! మన లంబసింగిలో సున్నాకు దగ్గరపడితేనే జనం కార్లేసుకుని చూడ్డానికి వెళ్తారు.

అంతకు మించిన చలి లేకపోలేదు. అంటార్కిటికాలోని వొస్తోక్ పరిశోధన కేంద్రంలో 1983 జులై 21న మైనస్ 89.2. గ్రీన్‌లాండ్ మంచుదిబ్బపై 1991 డిసెంబరు 22న మైనస్ 69.6. అయితే అక్కడ తరతరాలుగా బతికే ఊరేదీ లేదు. ఒయిమ్యాకోన్‌లో బడి కూడా నడుస్తుంది. చలి మైనస్ 50 దాటి ముదిరితే తప్ప పిల్లలకు సెలవు లేదు!

తేడాల్లో మొనగాడు వెర్ఖొయాన్స్క్. ఇదీ యాకూతియాలోనిదే. 1892 ఫిబ్రవరిలో మైనస్ 67.8, 2020 జూన్ 20న 38 డిగ్రీల ఎండ. ఒక్కచోటే 105 డిగ్రీల పైచిలుకు అంతరం! ఆర్కిటిక్ వలయంలో ఇంత ఎండ మరెక్కడా నమోదు కాలేదని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చింది.

దేశంలో భాగంగా ఉన్న ప్రాంతాల్లో ప్రపంచంలోనే పెద్దది యాకూతియా. విస్తీర్ణం 30.8 లక్షల చదరపు కిలోమీటర్లు. మొత్తం భారతదేశానిది 32.9 లక్షలు. అంత నేలలో ఉండేది సుమారు పది లక్షల మంది. విశాఖ నగరంలోనే అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు.

ఏళ్ల తరబడి కరగని గడ్డనేల లోతులోనూ యాకూతియాదే రికార్డు. ఒకచోట దాదాపు 1,500 మీటర్లు. 75 తాటిచెట్లను ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత!

ఒయిమ్యాకోన్ ప్రాంతాన్ని బయటి లోకంతో కలిపేది కొలిమా రహదారి. యాకూత్స్క్ నుంచి మగదాన్ దాకా సుమారు 2,000 కిలోమీటర్లు. స్టాలిన్ కాలపు ఖైదీల చేత 1930లలో మొదలుపెట్టించారు. ఎందరో ఆ పనిలోనే చనిపోయారు. అందుకే ‘ఎముకల దారి’ అంటారు. ఈ వరుసలో అన్నిటికన్నా బాధపెట్టే సంగతి ఇదే.

ఇక యాకూత్ గుర్రం. పొట్టి కాళ్లు, దట్టమైన బొచ్చు. చలికాలమంతా ఆరుబయటే ఉంటుంది. డెక్కలతో మంచు తవ్వి అడుగున ఉన్న గడ్డి మేస్తుంది. ఈ చలికి అలవాటు పడటానికి దాని జాతికి పట్టింది సుమారు 800 ఏళ్లే. జంతువుల్లో ఇంత వేగంగా ఒళ్లు మార్చుకున్నవి చాలా అరుదని జన్యు శాస్త్రవేత్తలు 2015లో తేల్చారు.