ఇల్లు కూడా పనిచేసే చోటే

కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు కువైట్‌కి ఇంటిపనికి వెళ్తారు. వాళ్ళలో చాలామంది మన చెన్నై విమానాశ్రయం నుంచే విమానం ఎక్కుతారు. అక్కడ వాళ్ళకి అన్యాయం జరిగితే ఆదుకోవడానికి అంతర్జాతీయంగా ఏ ఏర్పాట్లు ఉన్నాయి? అవి ఎంతవరకు పనికొస్తున్నాయి?

ముందు ‘కఫాలా’ అంటే ఏంటో తెలియాలి. గల్ఫ్ దేశాల్లో పనివాళ్ళకి వీసా ఇప్పించే యజమానిని ‘కఫీల్’ అంటారు. అక్కడ ఉండటానికి కావాల్సిన అకామా కూడా ఆయనతోనే ముడిపడి ఉంటుంది. కొట్టినా, జీతం ఆపినా, చెప్పకుండా ఆ ఇంట్లోంచి బయటికొస్తే కఫీల్ పరారీ కేసు పెట్టొచ్చు. అంటే బాధపడ్డ మనిషే నేరం చేసినట్టు అవుతుంది. అలా కాగితాలు లేకుండా మిగిలిపోయినవాళ్ళని మనవాళ్ళు అక్కడ ‘కల్లివెల్లి’ అంటారు.

వలస కార్మికుల కోసం ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబర్ 18న ఒక ఒప్పందం ఆమోదించింది. అది అమల్లోకి రావడానికి 2003 దాకా పట్టింది. గల్ఫ్ దేశాలు ఒక్కటీ అందులో చేరలేదు. మన దేశమూ చేరలేదు. అయినా ఏటా డిసెంబర్ 18ని అంతర్జాతీయ వలసదారుల దినంగా జరుపుతున్నారు.

ఇంటిపని చేసేవాళ్ళ సంగతి 2011లో ముందుకొచ్చింది. ఆ ఏడాది జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. దాని సారం ఒక్కటే: ఇంటిపని కూడా పనే, అది చేసే మనిషి కార్మికురాలే. కాబట్టి వీలైనంతవరకు పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. పరాయి దేశం వెళ్ళేవాళ్ళకి ఆ షరతులు బయల్దేరే ముందే తెలియాలి. వారానికి 24 గంటలు వరసగా సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి.

కువైట్ ఈ ఒప్పందంలో చేరలేదు గానీ, 2015లో ఇంటిపనివాళ్ళకి సొంతంగా ఒక చట్టం చేసింది. రోజుకి 12 గంటలు మించి పని వద్దని, వారానికో సెలవు ఉండాలని, పాస్‌పోర్టు దాచుకోకూడదని అందులో ఉంది. చిక్కల్లా అమలులోనే. ఫ్యాక్టరీకి వెళ్ళినట్టు తనిఖీ అధికారి ఒకరి ఇంట్లోకి వెళ్ళలేడు కదా!

పంపే దేశం గట్టిగా నిలబడితే కొంత మార్పు వస్తుంది. ఫిలిప్పీన్స్ 2012లోనే 189లో చేరింది. తమ దేశపు పనిమనిషి శవం కువైట్‌లో ఒక ఫ్రీజర్‌లో దొరికినప్పుడు, 2018లో అక్కడికి మనుషుల్ని పంపడం ఆపేసింది. కొన్ని నెలలకే రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. పాస్‌పోర్టు, ఫోను లాక్కోకూడదని అందులో రాయించుకుంది.

మన ప్రభుత్వం వేరే దారి పట్టింది. పది చదవని ఆడవాళ్ళు ఇలాంటి దేశాలకి పనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలని నియమం పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ అవసరం ఆగదు కదా. కొందరు ఏజెంట్లు విజిటింగ్ వీసా మీద పంపేస్తున్నారు. అలా వెళ్ళినవాళ్ళ పేరు ఏ రికార్డులోనూ ఉండదు. కష్టం వస్తే వాళ్ళని వెతకడం ఇంకా కష్టం.

ఇంకో మాట. 2011లో జెనీవాలో భారతదేశం 189కి అనుకూలంగానే ఓటు వేసింది. కానీ ఇప్పటికీ దాన్ని అధికారికంగా ధ్రువీకరించి అందులో చేరలేదు. ఇంటిపనివాళ్ళ కోసం ప్రత్యేకంగా కేంద్ర చట్టమూ లేదు. మన ఇంట్లో ఇవ్వనిది కువైట్ వాళ్ళని ఎలా అడుగుతాం?

మా ఇంట్లో నాన్నది తమిళం, అమ్మది తెలుగు. ఒకరు ‘వేలైక్కారి’ అంటారు, ఒకరు ‘పనిమనిషి’ అంటారు. ‘కార్మికురాలు’ అని మాత్రం ఏ భాషలోనూ అనం. మన ఇళ్ళల్లో పనిచేసే అక్కకి వారానికో రోజు సెలవు ఉందా? ఆ రోజు జీతం కోస్తున్నారా? ఈ వారం ఇంట్లో అడిగి చూడండి.