చేప చర్మము – దాని సూక్ష్మ నిర్మాణము

వానలకు చెరువులు నిండిన పిదప కరీంనగరము చెంతనున్న దిగువ మానేరు జలాశయము, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని కడెము జలాశయము మొదలుకొని ఊరి కుంటల వరకు చేపపిల్లలను విడుచుట పరిపాటి. అందు కొన్ని రెండు మూడు దినములలోనే చచ్చి తేలుటయు, కొన్ని చలికాలమున పుండ్లుపడి నశించుటయు సభ్యులెరిగినదే. ఈ నష్టములో కొంత మన చేతిపట్టు వలననే కలుగుచున్నది. చేప చర్మ మెట్టిదో తెలిసికొన్నచో దీని కారణము బోధపడును.

మన చర్మపు పైపొర మృతకణములతో నేర్పడినది. రుద్దినను ఆ మృతకణములే రాలును. చేప కట్లు గాదు. దాని చర్మమును పలుచగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినితో చూచినచో, నీటికి తగులుచుండు కట్టకడపటి కణము సైతము సజీవమేయని తేలును. పెక్కు వరుసల కణములు గల ఈ బాహ్యచర్మము నడుమ గిన్నెల వంటి కణము లుండి జిగురును స్రవించును. పైకణములమీద మన వ్రేలిముద్రలను బోలిన మిక్కిలి సన్నని గట్లుండి ఆ జిగురును నిలుపును. ఇవి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినికి గాని స్పష్టముగా కానరావు. జిగురులో రోగక్రిములను చంపు పదార్థములు గలవు.

దీని క్రింద అంతశ్చర్మము గలదు. అందు రక్తనాళములు, రంగుకణములు, చాప అల్లికవలె నల్లుకొన్న గట్టి నారపోగులు నుండును. బొచ్చె, రవ్వ మొదలగు చేపల పొలుసులు ఇందలి సంచులలో నాటుకొని, ఇంటి పెంకులవలె నొకదానినొకటి కప్పుకొని యుండును. పొలుసే పైకవచమని పలువురు తలంతురు. నిజమునకు పొలుసుమీదను సజీవమైన బాహ్యచర్మము గలదు. కావున పొలు సొక్కటి ఊడినను చర్మము చినిగినట్లే. వాలుగ, జెల్లలకు పొలుసులే లేవు. వానికి చర్మమును జిగురునే రక్ష.

చర్మము చినిగినచో కీడు రెండు విధములు. మంచినీటి చేప రక్తమున లవణములు చెరువునీటికంటె అధికము. గాయముగుండ నీరు లోనికి చొచ్చును, లవణములు వెలికి పోవును. చిన్నపిల్ల దీనికి తాళలేదు. రెండవది వ్యాధి. 1988లో మన దేశమున ప్రవేశించిన పుండ్లవ్యాధికి అఫనోమైసిస్ అను బూజువంటి జీవి కారణము. దాని బీజములు నీట నీదుచు, చెడిన చర్మమున మొలచి, కండలోనికి దిగును. కొర్రమీనుకు ఈ వ్యాధి భయము మెండు.

కావున సభ్యులు పాటింపవలసినవి:

1. చేతులు, తట్టలు తడుపుకొనక పిల్లలను ముట్టరాదు.
2. ముడులు లేని మెత్తని వలను వాడవలెను.
3. సంచిని విప్పకమున్ను పావుగంటసేపు చెరువునీట తేలనిచ్చి, పిదప చెరువునీటిని కొంచెము కొంచెముగా లోన పోసి, పిల్లలను తమంత తామే వెలికి ఈదిపోనీయవలెను.
4. ఈ పని చల్లని వేళనే చేయవలెను.
5. ఒక చెరువున వాడిన వలను బాగుగా ఎండబెట్టక మరియొక చెరువున వేయరాదు.
6. పుండ్లు కానవచ్చినచో జాగు సేయక మత్స్యశాఖవారికి తెలుపవలెను.

పిల్లలు వెలకు కొన్నవైనను, ఉచితముగా వచ్చినవైనను, చచ్చినవాని నష్టము సంఘమందరిది. ఆ జిగురును కాపాడుట మన చేతిలోని పని. అందులకు వ్యయము లేదు, జాగ్రత్త యొక్కటే వలయును.