నేలను బిగించు యంత్రము: ఏ నేలపై ఎట్లు నడపవలెను?

పూర్వము కళ్ళము చేయవలెనన్నను, గోదాము పునాదిలో మట్టి నింపవలెనన్నను నీళ్ళు చల్లి దిమ్మిసలతో కొట్టించెడివారు. ఇప్పుడు ఆ పనికి ప్లేటు కంపాక్టరు అను చిన్న యంత్రమును అద్దెకు తెచ్చుచున్నారు. పని త్వరగా ముగియును, నిజమే. కాని అన్ని నేలలపై ఇది ఒకే తీరున పనిచేయదు. పైకి నున్నగా, గట్టిగా కనిపించిన నేల వానలకు కుంగి, దానిపై వేసిన గచ్చు బీటలు వారును. అప్పుడు సిమెంటును నిందించెదరు. చాల సందర్భములలో అడుగున మట్టి బిగియకపోవుటయే కారణము.

ఈ యంత్రము అడుగున దళసరి ఇనుప పలక ఉండును. దానిపైన, ఒక ప్రక్కకు బరువు మొగ్గిన ఇరుసును ఇంజను త్రిప్పును. అందువలన పలక నిమిషమునకు సాధారణముగా 4,000 నుండి 6,000 సార్లు అదురును. ఆ అదురుకు ఇసుక, కంకర రేణువులు కదలి ఒకదాని సందులో మరియొకటి సర్దుకొనును. కుంచములో ధాన్యము పోసి తట్టినచో మట్టము దిగుట మనకు తెలిసినదే. బంకమట్టి అట్లు దిగదు. దాని రేణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని యుండును. దానిని దంచవలెను, లేదా పిసుకవలెను.

కావున మొరము, కంకర కలిసిన నేలలు ఈ యంత్రమునకు అన్నిటికంటె అనుకూలమైనవి. 80–100 కిలోల యంత్రమైనచో మట్టిని 15 సెంటీమీటర్లకు, అనగా రెండు బెత్తెలకు మించకుండ పరచి, మూడు నాలుగు సార్లు నడపవలెను. అడుగెత్తు మట్టి ఒకేసారి పోసి పది సార్లు నడిపినను ఫలితముండదు. అదురు అడుగు వరకు దిగదు.

తేమ విషయము ముఖ్యము. పిడికెడు మట్టిని గట్టిగా పిసికి చూడుడు. ముద్ద కట్టి, విరిచినప్పుడు రెండు మూడు ముక్కలైనచో తేమ సరిపోయినది. పొడిగా రాలినచో నీరు చల్లి కొంతసేపు ఆగవలెను. అరచేతికి నీరంటినచో ఆరనియ్యవలెను. అట్టి తడి నేలపై నడిపినచో పలక క్రింద మట్టి మెత్తని పరుపువలె ఊగును. ఉత్త ఇసుకకు ఈ పరీక్ష పనికిరాదు. కొద్దిపాటి చెమ్మ ఉన్న ఇసుక పొంగి యుండును గనుక దానిని బాగుగా తడిపి నడపవలెను.

ఎర్ర చెల్క నేలలలో జిగురు కొంత ఉండును. అక్కడ పొర 10 సెంటీమీటర్లు చాలును. నల్లరేగడి సంగతి వేరు. దానిపై పలక పైపొరను నునుపు చేయును గాని లోపలికి పనిచేయదు. పైగా ఎండిన రేగడిని ఎంత బిగించిన వానకు అంత ఎక్కువగా ఉబ్బును. గచ్చు క్రింద రేగడి ఉన్నచో తగినంత లోతు తీసివేసి మొరము నింపుటయే మేలు. ఖర్చెక్కువని కొందరు వెనుదీయుదురు. పగిలిన గచ్చును త్రవ్వి మరల వేయుట అంతకంటె ఎక్కువ ఖర్చు.

చెరువు తూము ప్రక్కన మట్టి నింపునప్పుడు ఈ యంత్రమును నమ్ముకొనరాదు. పలక గోడ మూలలకు అందదు, అక్కడ వాడునది బంకమట్టి. తూము వెంబడి సన్నని సందున్నను నీరు దారి చేసికొని, మట్టిని కొంచెము కొంచెముగా కొనిపోయి, తుదకు గండి పెట్టును. అక్కడ 10 సెంటీమీటర్ల పొరలుగా, చెమ్మగా నింపి, చేతి దిమ్మిసతో గాని, ఎగిరి దంచు ర్యామరుతో గాని కొట్టవలెను. ప్రతి పొరను గీరిన పిమ్మటనే తరువాతి పొర పోయవలెను. నునుపు పొరపై కొత్త మట్టి అతుకదు.

ఇంజనును మొదట కొన్ని నిమిషములు మెల్లగా నడిచి వేడెక్కనిచ్చి, పిదప పూర్తి వేగముతో నడపవలెను. సగము వేగములో అదురు చాలదు. అంచుల నుండి మధ్యకు, ఒక వరుసపై మరియొక వరుస కొంత ఎక్కునట్లు సాగవలెను. ఏటవాలుపై యంత్రమునకు దిగువన మనిషి నిలువరాదు. పలక ఎగిరెగిరి పడుచు శబ్దము మారినదనిన నేల బిగిసినదని అర్థము. ఆపై నడిపిన కంకర నలుగును, యంత్రము చెడును. తలుపులు మూసిన గోదాములోను, లోతైన కందకములోను నడుపరాదు; ఇంజను పొగలోని విషవాయువు వాసన తెలియకుండ ప్రాణము తీయును. చెప్పులతో గాక బూట్లతో నడపవలెను. చేతులు తిమ్మిరెక్కకముందే మనిషిని మార్చవలెను.

పంచాయతీ పనులను తనిఖీ చేయువారు సన్నని ఇనుప చువ్వనొకదానిని వెంట ఉంచుకొనుట మంచిది. పొరలో దానిని గ్రుచ్చి చూడుడు. పైన అడ్డగించి లోపల సులువుగా దిగిపోయినచో పొర మందముగా పోసినారన్నమాట. మట్టి తీయించి, పలుచగా పరపించి, మరల నడిపించవలెను. ఈ పరీక్ష పొర పొరకు చేయవలసినది.